మావయ్య ఆపిన కారు

నిన్న కారులో ఘాట్ దిగుతుంటే కాలిన బ్రేకుల వాసన వచ్చింది. నాకు ఎనిమిదేళ్లప్పుడు అమ్మకు పురిటినొప్పులొస్తే, మావయ్య మా ఇద్దరినీ తన పాత కారులో ఎక్కించుకుని అరకు నుంచి కిందికి ఆసుపత్రికి బయల్దేరాడు. అనంతగిరి దాటాక ఇదే వాసన వస్తే, ఒక మలుపులో కారు ఆపేశాడు. నాలుగు చక్రాల మీదా నీళ్లు చిలకరిస్తే, ముందు ఎడమ చక్రం ఒక్కటే చుయ్యిమంది.

“ఈ బ్రేకొక్కటే పట్టేసి అరిగిపోతంది. సల్లారాల. ఓర్సుకో అక్కా,” అన్నాడు.

“బేగి పోనీ మావా! అమ్మ సచ్చిపోద్ది!” అంటూ ఆయన వీపు మీద గుద్దాను. ఆయన అరగంట కదల్లేదు.

అమ్మ బతికింది, తమ్ముడు దక్కలేదు. మావయ్య మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. తప్పు చేశాడు కాబట్టే మానేశాడనుకుని, ఏళ్ల తరబడి ఆయనతో మాట్లాడలేదు.

నిన్న ఆ మలుపులో ఆగి లోయలోకి చూశాను. ఆయన ఆపకపోతే, బ్రేకు పూర్తిగా పోయి అమ్మా నేనూ మిగిలేవాళ్లం కాదు. ఆ మాట ఆయనకింకా చెప్పలేదు.