పేట వీధిలో ఉమ్మడి గోడ

2022 వేసవి. మారతహళ్ళిలో మా ఆఫీసు. నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని, అంటే ఒక కట్టడం నిలుస్తుందో లేదో సంతకం పెట్టి చెప్పేవాణ్ణి. పిలుపు మాత్రం బెంగళూరుకు గంటన్నర దూరంలోని ఓ చిన్న ఊరి పేట వీధి నుంచి వచ్చింది. రాతి అరుగులు, చెక్క స్తంభాలు, ప్రతి రెండిళ్ళకూ మధ్య ఒకే గోడ. అలాంటి వీధిలో ఒక ఇల్లు కూలిస్తే పక్కిల్లూ నిలవదు.

రత్నమ్మగారు ఆ వీధిలో ఇంటి ముందుగదిలోనే ఇడ్లీ అంగడి నడుపుతారు. గోడ ఉబ్బి పగిలిందని మునిసిపాలిటీవాళ్ళు నోటీసిచ్చారు. నెలలోగా స్టెబిలిటీ సర్టిఫికెట్ తేవాలి, లేదంటే ఇల్లు కూల్చేయాలి.

"ఇల్లు పోతే అంగడీ పోతాది. పక్కన సలీమన్న ఇల్లు గూడా ఈ గోడ మీదనే ఉండాదప్పా," అన్నారామె.

సుత్తితో తట్టాను. డొల్లగా మోగింది. లోపల మట్టి, సున్నం. పైన సిమెంట్ పూత. పాత గోడ నేల తేమను పీల్చి గాలికి వదిలేస్తుంది. సిమెంట్ ఆ దారి మూసేసింది, లోపల మట్టి నానిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

"ఏ మహానుభావుడు చెప్పాడమ్మా సిమెంట్ కొట్టమని?"

ఆమె కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళారు.

పూతంతా ఊడగొట్టమన్నాను. మేస్త్రీ బెదిరాడు. "గోడంతా వచ్చేస్తే ఎట్ల సార్?"

"రాదు. నేనిక్కడే కూర్చుంటా." దూలాల కింద బరువు మోయడానికి ఇనుప ప్రాప్‌లు పెట్టించి, గోడ పక్కనే కుర్చీ వేసుకున్నాను. మూడు వారాల ఎండకు తేమ దిగింది. నానిన చోట ఇటుకా సున్నంతో కట్టించి, కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపిన సున్నం పూయించాం. సర్టిఫికెట్ మీద ధైర్యంగా సంతకం పెట్టాను.

కాగితం చేతికి తీసుకున్నాక రత్నమ్మగారు మెల్లగా అన్నారు. "నాలుగేండ్ల కింద మా అంగడికి వచ్చే మీ చిన్నాయన మీ నంబరు ఇచ్చె. ఫోటో పంపితిని. సిమెంట్ కొట్టిచ్చండి అని మీరే చెప్తిరి."

ఫోన్‌లో వెతికాను. ఆ ఫోటో ఉంది, కింద నా జవాబూ ఉంది. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"మరి ముందే చెప్పలేదేమమ్మా?"

"చెప్పింటే సంతకం పెట్టేటప్పుడు మీ చెయ్యి వణుకుతా ఉండె కదప్పా."

ఇప్పుడూ ధైర్యంగానే సంతకాలు పెడుతున్నాను. కాకపోతే పాత గోడ ఫోటో ఎవరు పంపినా నా జవాబు ఒక్కటే: ఆదివారం సుత్తి తీసుకుని వస్తాను, అందాకా ఏమీ ముట్టుకోకండి.