ఎర్ర నీళ్ళకు కలిపిన రంగు

ఓవెన్ తలుపు తీయగానే వచ్చే వాసనకు ఇన్నేళ్ళయినా నా ముక్కు అలవాటు పడలేదు. కరిగిన రంగు పొడి వాసన అది. కాలిన ప్లాస్టిక్‌లా ఘాటుగా మొదలై చివర కాస్త తీపి తగులుతుంది. అనంతపురం ఊరి చివరి షెడ్డులో గేట్లకూ కిటికీ గ్రిల్లులకూ పౌడర్ కోటింగ్ వేస్తాం. ఇవాళ పెద్ద ఓవెన్లో ఒక గేటు పెట్టించి, పక్కనున్న చిన్నది తెరిచాను. లోపల తీగకు వేలాడుతూ వేలెడంత సీసపు చేపలు నిమ్మపండు రంగులో మెరుస్తున్నాయి. గాలం వేసేవాళ్ళ కోసం చేసే బొమ్మ ఎరలవి. వాటిని చూస్తే నాగభూషణం శెట్టి గుర్తొస్తాడు. షెడ్డు ఆయనది, నాకు ఈ పని నేర్పిందీ ఆయనే.

గుడ్డు కూడా ముట్టని వ్యాపారుల ఇంటివాడు చేపలకు ఎరలు చేస్తాడంటే బజారంతా నవ్వేది. ఎవరైనా ఎగతాళి చేస్తే, "నేను చేపకి వడ్డించేవాణ్ణప్పా, తినేవాణ్ణి కాదు" అనేవాడు. ఏళ్ళ తరబడి ఎండిన చెరువుల్లోకి కాలువ నీళ్ళు వచ్చి, కొర్రమీను కనపడటం మొదలయ్యాక ఆయనకు ఈ పిచ్చి పట్టుకుంది. నేను ముదిగుబ్బ దగ్గర గొర్రెలు మేపుకునే ఇంటి నుంచి వచ్చినదాన్ని. గ్రిల్లుల తుప్పు గీకే పనికి చేరాను. ఉన్నదున్నట్టు మాట్లాడతానని నన్ను రంగుల గదిలోకి మార్చాడు. "మొగమాటం రంగులో కలిస్తే పాడవుతాదమ్మా" అన్నాడు.

ఆయన బల్ల మీద ఎప్పుడూ ఒక గాజు జాడీ ఉండేది, నిండా చెరువు నీళ్ళతో. మాది ఎర్ర నేల, వాన పడినా కాలువ పారినా నీళ్ళు ఎర్రగానే ఉంటాయి. ఏ ఎరకు రంగు వేసినా ఆ జాడీలో ముంచి చూసేవాడు. ఎండలో ఎంత బాగున్నా ఒప్పుకునేవాడు కాదు. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే బాషా సెలవు దొరికితే గాలం పట్టుకుని తిరిగే మనిషి. ఒకసారి ఫోన్లో వీడియో చూపించి, అందులో ఉన్నట్టు తళతళలాడే నీలిరంగు కావాలన్నాడు.

"అది యాడిదో తేట నీళ్ళ చేపకప్పా. మన చేప ఎర్ర నీళ్ళలో ఉండాది. దానికి ఇది కనపడనే కనపడదు" అన్నాడు శెట్టి.

"నాకు బాగుండాది కదన్నా" అన్నాడు బాషా.

"అట్లయితే నీ మెడలో కట్టుకో."

పొడి రంగులు తడి రంగుల్లా ఒకదానిలో ఒకటి కరిగిపోవు. పసుపు పొడిలో కాస్త ఆకుపచ్చ, చిటికెడు తెలుపు వేసి, డబ్బాకు మూత పెట్టి చేతులు నొప్పి పుట్టేదాకా ఊపాలి. అయినా దగ్గరగా చూస్తే సన్నటి చుక్కలు కనిపిస్తాయి. నాకవి లోపంగా తోచేవి, ఆయన వాటిని పొలుసులనేవాడు. సీసపు చేపను మంట మీద వేడి చేసి పొడిలో ముంచితే క్షణంలో రంగు అంటుకుని మెరుస్తుంది. అక్కడే మోసపోతాం. అంతటితో ఆపేస్తే నీళ్ళలో రాయి తగలగానే పెచ్చులూడుతుంది. మళ్ళీ ఓవెన్లో వేలాడదీసి నిదానంగా ఉడకనివ్వాలి. చల్లారాక ఆయన వాకిట్లోని బండకేసి కొట్టి చూసేవాడు. ఒక్క పెచ్చు లేచినా మొత్తం గీకించేవాడు. నాకు భలే విసుగ్గా ఉండేది.

ఒక వేసవికి ఆయన ఎరలు నీలం తిరిగాయి. చేపలు పడటం లేదని బాషా వచ్చి చెబితే, శెట్టి ఎండల వల్లేనన్నాడు, చెరువులో ఎవరో మందు కలిపినారన్నాడు. పాత గేటుకు జోడీ చేయమని ఇచ్చినవాళ్ళకు వేరే ఛాయ వచ్చింది. గిరాకీ పలచబడింది. పనివాళ్ళకు తెలుసు, ఆయన ఇంట్లోవాళ్ళకూ తెలుసు. పెద్దాయన్ని ఏమంటాంలే అని అందరూ ఊరుకున్నారు. షెడ్డు మూతపడుతుందని నాకు భయం. అంతకన్నా, బజారులో ఎవడో నవ్వితే ఆయన తెలుసుకుంటాడని భయం.

ఒకరోజు పాత ఎర ఒకటి, ఆయన ఆ పొద్దే చేసింది ఒకటి జాడీలో పక్కపక్కన వేలాడదీశాను. పాతది ఎర్ర నీళ్ళలోనూ వెలుగుతోంది. కొత్తది మసకలో కలిసిపోయింది.

"రెండూ చూడన్నా" అన్నాను.

"చూసినాను. ఒకటే కదా."

"కాదన్నా. కొత్తది నీలం. నీళ్ళలో కనపడటమే ల్యా. నీ కండ్లకి ఏమో అయింది."

ఆయన జాడీని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"ఎప్పటినుంచి?"

"ఉగాది ముందునుంచి."

"అందరికీ తెలుసునా?"

నేను తలూపాను. "ఇంటికి పో" అన్నాడు.

పని పోయిందనుకున్నాను. మరుసటి రోజు వెళ్ళేసరికి ఆయన రంగులు తూచే తక్కెడ దగ్గర లేడు, మూలన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. "రంగు నువ్వు కలుపు. ఉడికినాదో లేదో నేను చెప్తా, దానికి కండ్లు పనిలేదు" అన్నాడు. గోటితో గీరి, బండ మీద చప్పుడు విని చెప్పేవాడు.

కంటి పొర తీయించుకుని షెడ్డుకు వచ్చిన రోజు, ఆ వేసవిలో తను చేసిన ఎరలన్నీ తెప్పించి బండ మీద పరిపించాడు. అన్నీ నెమలి మెడలా నీలం. కంట్లో పొర పసుపు తిరిగితే నీలం సరిగా కనపడదట, అందుకే ఆకుపచ్చ చాలలేదనుకుని నీలం పొడి కలుపుతూ పోయాడు. ఆయన ముఖం చూడలేక నేను పక్కకు తిరిగాను. ఆయన మాత్రం నవ్వాడు.

"ఎంత బాగుండాయో చూడు గంగా! ఒకటీ పనికి రాదు." "నా పెండ్లాం చెప్పలా, నా కొడుకు చెప్పలా. నువ్వు చెప్తివి" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆయన పోయాక కొడుకు షెడ్డును నాకు బాడుగకిచ్చాడు. నాకూ యాభై దాటాయి. రంగు కలిపిన ప్రతిసారీ పనివాళ్ళను పిలిచి చూపిస్తాను. నిజం చెప్పండి, కోప్పడను అంటాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "బాగుండాదక్కా" అంటారు. ఆ మాట వింటే నాకు భయమేస్తుంది.