సత్తార్ సాబ్ నేర్పిన క్రియ

మాడిన వార్నిష్ వాసన ఎక్కడ తగిలినా ఫలక్‌నుమాలోని ఆ మోటార్ల షెడ్డు గుర్తొస్తుంది. ఆ రోజు అక్కడ ఉన్నవి: ఒక ఎలక్ట్రానిక్ కాంటా, కాలిపోయిన మోటారులోంచి తీసిన రాగి చుట్ట, నా రిపోర్టు. ఉన్నవాళ్లు: నేను, వైండింగ్ పనివాడు యాదగిరి, యజమాని సత్తార్ సాబ్.

డిప్లొమా అయ్యాక నా తొలి ఉద్యోగం అది. పాత రాగిని తూచి రాసిపెట్టాలి. యాదగిరికి ఇచ్చేటప్పుడు నాలుగు కిలోలున్న చుట్ట, అతను మంటలో వేసి పైపూత కాల్చి తెచ్చేసరికి మూడు వందల పది గ్రాములు తగ్గింది. మళ్లీ తూచాను. అదే అంకె. అప్పటికే అతని సంచి మీద నాకు అనుమానం; ఉదయం ఖాళీగా వచ్చి సాయంత్రం నిండుగా వెళ్లేది. రెండో తూకం నా అనుమానాన్ని 'కరాబరేట్' చేస్తోందని ఇంగ్లీషులో రిపోర్టు రాశాను. పరీక్షకు బట్టీ పట్టిన మాట, రూఢిపరచడమని అర్థం. యాదగిరిని పనిలోంచి తీసెయ్యాలన్నది నా చివరి వాక్యం.

షెడ్డు పెట్టకముందు సత్తార్ సాబ్ కోర్టులో టైపిస్టు. రిపోర్టు చదువుతూ 'కరాబరేట్' మీద వేలు పెట్టి ఆగారు.

"మియా, రెండుసార్లు చెప్పింది ఎవరు?"

"కాంటా, సాబ్."

"ఒక్క సాక్షి రెండుసార్లు మాట్లాడితే ఇద్దరైతరా? ఈ మాట వాడాలంటే ఇంకో దిక్కుకెల్లి ఇంకొకడు రావాలె. మొదటోని ముచ్చట తెల్వనోడు."

పాత పనివాణ్ణి వెనకేసుకొస్తున్నారనుకున్నాను. ఇద్దరూ కలిసే కస్టమర్ల రాగి తీస్తున్నారేమోనని కూడా అనుకున్నాను. ఆయన యాదగిరిని తన పక్కనే కూర్చోబెట్టుకొని, నాలుగు కిలోల ఇంకో చుట్ట నా చేతిలో పెట్టారు.

"నేన్ చెప్తే నమ్మవు. నువ్వే కాల్చు. ఎవ్వర్నీ దగ్గరికి రానియ్యకు."

కళ్లు మండుతున్నా మంట పక్కనుంచి జరగలేదు. తీగ మీది వార్నిష్, మధ్యలో చుట్టిన కాగితం నల్లటి పొగైపోయాయి. చల్లార్చి, బూడిద దులిపి కాంటా మీద పెట్టాను. అంకె చూసి, దించి మళ్లీ పెట్టాను.

"ఏంది సార్," అన్నాడు యాదగిరి, "పొగ గూడ నా సంచిలనే వోయిందా?"

ఆ సంచిలో ఏముండేదో నేటికీ నాకు తెలియదు. అడిగే ముఖం లేకపోయింది. సత్తార్ సాబ్ రిపోర్టు చింపలేదు. నేను కాల్చిన చుట్టలో తగ్గిన బరువును దాని వెనక నాచేతే రాయించి, దాచుకొమ్మన్నారు. ఇప్పుడు నేను వేరే కంపెనీలో తనిఖీలు చేస్తాను. అనుమానించడం మానలేదు. కానీ ఎవరి పేరైనా రాసే ముందు ఆ కాగితం తిప్పి చూస్తాను.

మూడు వందల ఐదు గ్రాములు.