బావ కంప్యూటర్ మీద నా కడుపుమంట

ఆ రోజుల్లో ఎవరి ఇల్లు చూసినా, ఎవరి కారు చూసినా నాకు ఏమీ అనిపించేది కాదు. ఫలానావాడు నిజాంసాగర్ కాలువ కింద పదెకరాలు కొన్నాడని చెప్పినా "మంచిదే" అని మనస్ఫూర్తిగా అనగలిగేవాణ్ణి. కాని నాకంటే మంచి కంప్యూటర్ ఉన్నవాణ్ణి మాత్రం క్షమించలేకపోయేవాణ్ణి. అలాంటివాడు నా ఎరుకలో ఒక్కడే ఉండటం, ఆ ఒక్కడూ మా మేనత్త కొడుకు కావటం నా దురదృష్టం. నాకు ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే చిన్న గది ఉండేది. కెమెరావాళ్లు తీసిన వేల ఫోటోల్లోంచి మంచివి ఏరి, పేజీల్లో అందంగా అమర్చి, అచ్చుకు పంపటం నా పని. బావ అదే పనిని కామారెడ్డిలో, అద్దాల తలుపులున్న దుకాణంలో చేసేవాడు. ఆయన బల్ల మీద పేరున్న కంపెనీ ల్యాప్‌టాప్ ఒకటి వెండి పళ్లెంలా మెరుస్తూ ఉండేది. అది కొన్నప్పటి నుంచి చుట్టాలందరూ ఆయన్ని వెండి బావ అనటం మొదలుపెట్టారు. (నన్ను ఏమనేవారో ఇక్కడ అనవసరం.)

నా దగ్గర ఉన్నది విడిభాగాలు తెచ్చి బిగించుకున్న నల్ల డబ్బా. ముందు వైపు, వెనక వైపు కలిపి దానికి ఎన్ని చిల్లులుండేవో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. ఎవరు ఏ పెన్ డ్రైవ్ తెచ్చినా, ఏ కెమెరా కార్డు తెచ్చినా లోపలికి రమ్మనేది. మెమరీ చాలకపోతే పక్క రేకు విప్పి, కొత్త ముక్కను బొటనవేలితో నొక్కి మూసేసేవాణ్ణి. అలాంటి బంగారాన్ని పట్టుకుని నేను సిగ్గుపడేవాణ్ణి. దానికి కారణం మా ఊరివాళ్లే. "మీ తమ్ముని పెండ్లి ఆల్బమ్ ఏమాయెనే?" అని నేనడిగితే, "కామారెడ్డిల ఇచ్చినమన్నా, ఆడ కంప్యూటర్ మంచిగున్నది" అని నా గదికే వచ్చి, నా కుర్చీలోనే కూర్చుని, నేను తెప్పించిన చాయ తాగుతూ చెప్పేవారు. ఆ మాట అన్నవాళ్లు మొత్తం ఏడుగురు. (నా తొమ్మిదో ఏట ఒక పెళ్లి పంక్తిలో నాకు రెండో లడ్డూ వేయకుండా ముందుకు వెళ్లిపోయిన వంటాయన కూడా నాకు ఇప్పటికీ గుర్తున్నాడు. నా తీరే అంత.)

ఇదంతా ఎలాగో మింగుకుంటూ ఉండగా మా పెదనాన్న కూతురి పెళ్లి కుదిరింది. ఆల్బమ్ సంగతి ఎత్తబోతే పెద్దమ్మ మొహమాటపడుతూ అన్నది: "ఏమనుకోకు కొడుకా. వియ్యాలవారు జర పెద్దోళ్లు. మీ బావకు ఇద్దామనుకుంటున్న."

"నేనేం తక్కువ చేసిన పెద్దమ్మా?"

"నువ్వు తక్కువ చేయలే బిడ్డా. నీ డబ్బానే జర తక్కువున్నది."

సొంత చెల్లెల్లాంటి పిల్ల ఆల్బమ్, నా ఇంటి ఆల్బమ్, పరాయి చేతికి పోవటమంటే ఇక నేను గది మూసుకోవలసిందే. ఎల్లారెడ్డిలో ఎవరు నా గడప తొక్కుతారు? "గదే కంపెనీది నేను గూడ తెస్తున్న. అప్పుడిస్తవా?" అన్నాను. పెద్దమ్మ నా మొహం చూసి జాలిపడి సరేనన్నది. నల్ల డబ్బాను మహమ్మద్‌నగర్ నుంచి వచ్చిన ఒకాయనకు అయినకాడికి అమ్మేసి, దాచుకున్నదంతా తీసుకుని, మర్నాడే కామారెడ్డి బస్సెక్కాను. తాడ్వాయి దాటేదాకా సీటు దొరకలేదు. నాకు అదేమీ పట్టలేదు.

దుకాణంలో అమ్మకందారు కుర్రాడు నా ముందు మూడు ల్యాప్‌టాప్‌లు పెట్టాడు. పైకి మూడూ అచ్చుగుద్దినట్టు ఒకటే. ధరలు మాత్రం మెట్లలా ఉన్నాయి.

"ఇది ఎనిమిది మెమరీ అన్నా. పదహారు కావాల్నంటే ఇంక ఇరవై వేలు."

"గంత మెమరీ బయట మూడు వేలకు దొరుకుతది గద తమ్మీ?"

"బయటిది దీనికి పట్టదన్నా. ఇది లోపల బోర్డుకే అతికిచ్చి వస్తది."

"ఇప్పుడు ఎనిమిది తీస్కొని, చేతిల పైసలున్నప్పుడు తర్వాత ఏసుకుంట."

"తర్వాత ఏసుకునుడు ఉండదన్నా. పుట్టుకతోని ఎంతుంటే గంతే."

"మనిషైనా పుట్టినంక పెరుగుతడు గద," అన్నాను. వాడు నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తే. ఫోటోలు దాచుకునే చోటు కూడా అంతే, రెట్టింపు కావాలంటే మరో ఇరవై వేలట. నా జేబులో ఉన్నది అట్టడుగు మెట్టుకే సరిపోయింది. బావది పై మెట్టు అని నాకు తెలుసు. కాని మూత వేసి బల్ల మీద పెడితే మెట్టు ఎవరికి కనపడుతుంది? ఆ ఒక్క ధైర్యంతో కొన్నాను.

మా దగ్గర ఆల్బమ్ అంటే నేనొక్కణ్ణి కూర్చుని చేసే పని కాదు. పెళ్లివారింటి ఆడవాళ్లు నలుగురైదుగురు వచ్చి నా వెనక కూర్చుంటారు. ఎవరి ఫోటో ఉండాలి, ఎవరిది చిన్నదవాలి, ఎవరిది అసలే వద్దు అన్నది వాళ్లు తేలుస్తారు. పెళ్లయిపోయాక పెద్దమ్మ తన ఇద్దరు చెల్లెళ్లతో వచ్చి, ముందు కొత్త ల్యాప్‌టాప్‌కు పసుపు కుంకుమ పెట్టి, కొంగుముడి విప్పి ఫోటోల పెన్ డ్రైవ్ నా చేతికిచ్చింది. నేను దాన్ని పట్టుకుని ల్యాప్‌టాప్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాను. ఎడమ పక్క బియ్యపు గింజంత చిల్లులు రెండు. ఇంకెక్కడా ఏమీ లేదు. తిరగేసి చూశాను.

"ఏం దేవులాడుతున్నవ్ కొడుకా?"

"పెన్ డ్రైవ్ పెట్టే సందు పెద్దమ్మా."

"లక్ష రూపాయలు పెట్టి కొంటివి, సందు ఇయ్యలేదా?"

సందు విడిగా కొనుక్కోవాలట. కంపెనీ ఫోన్ నంబరుకు చేస్తే ఒకమ్మాయి చాలా మెత్తగా చెప్పింది, దాన్ని కనెక్టర్ అంటారు, అది డబ్బాతో రాదు, ధర ఇంత అని. ఆ ధరకు నా పాత డబ్బాకు కొత్త కీబోర్డూ మౌసూ వచ్చి, చాయకు మిగిలేది. నేను నా పద్ధతిలో మొదటి నుంచి చెప్పుకొచ్చాను, మెమరీ సంగతి, చిల్లు సంగతి, ఇరవై వేల సంగతి. అంతా విని ఆ అమ్మాయి, "సార్, మీ పనికి సరిపోయే మోడల్ కొనేముందే చూసుకోవాల్సింది" అన్నది.

"అంటే తప్పు నాదంటవా అమ్మా?"

"అలా అనలేదు సార్. ఇంకేమైనా సహాయం కావాలా?"

"మొదటి సహాయమే కాలే. ఇంకేం సహాయమమ్మా?"

ఫిర్యాదు నంబరు తీసుకుని గోడ మీద పెన్నుతో రాశాను. బావ దగ్గర కంపెనీ కనెక్టర్ ఉన్నదని తెలుసు. అడగటం కంటే గది మూసుకోవటం నయమనిపించి, ఎవరి దగ్గరో నాలుగు వందలకు దొరికే రకం తెప్పించాను. దాన్ని చూపుడు వేలితో అదిమి పట్టుకుంటేనే పనిచేసేది. అలా ఒక చేత్తో అదిమి, ఇంకో చేత్తో ఫోటోలు ఎక్కించాను. తరువాత నలభై పేజీల ఆల్బమ్ తెరిచేసరికి తెర మీద రంగుల చక్రం ఒకటి తిరగటం మొదలుపెట్టింది.

"అదేంది బిడ్డా, గిర్రగిర్ర తిరుగుతున్నది?"

"ఆలోచిస్తున్నది పెద్దమ్మా."

"మీ పెదనాయన గూడ గంతే. పొద్దుమూకులు ఆలోచిస్తడు, ఏం చెప్పడు."

ఒక పేజీ చేస్తే ఒక చాయ అయ్యేది. నాలుగో రోజుకు ఆడవాళ్లకు విసుగొచ్చి రావటం మానేశారు. అదే రోజు తెర మీద చోటు నిండిపోయిందన్న మాట కనపడింది. కంపెనీ వాడు తక్కువిచ్చిన చోటును నేనే తెలివిగా సర్దుకుంటానని ఫోటోలు వడపోయటానికి కూర్చున్నాను. వాటిలో ఆరు వందల దాకా ఒకే తీరు ఫోటోలున్నాయి: పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కుర్చీల్లో, పక్కన ఎవరో ఒకరు చేతిలో బట్టల పొట్లంతో, ముగ్గురూ కెమెరా వంక పోలీసు స్టేషన్లో నిలబడ్డట్టు చూస్తూ. కళ లేదు, కదలిక లేదు. ఆ ఆరు వందలనూ ఒక్క దెబ్బతో తుడిచేశాను. ల్యాప్‌టాప్ కాస్త ఊపిరి పీల్చుకుంది. పెన్ డ్రైవ్ అప్పటికే కెమెరా అతను పట్టుకుపోయి, అందులోనూ, తన కెమెరా కార్డులోనూ వేరే పెళ్లి నింపుకున్నాడు.

రెండు రోజుల తరువాత పెద్దమ్మ వచ్చి పేజీలన్నీ చూసింది. పెళ్లికూతురు గోరింటాకు, అక్షింతలు, దీపం వెనక నుంచి తీసిన ముఖం, అన్నీ బాగున్నాయన్నది. చివరిదాకా చూసి, "బట్టలు పెట్టినయి ఏవి?" అని అడిగింది.

"అవి మంచిగ రాలే పెద్దమ్మా. తీసేసిన."

ఆమె మొదటి పేజీ నుంచి ఇంకోసారి చూపించమన్నది. తరువాత మెల్లగా అన్నది: "అల్లుని అక్క దుబాయి నుంచి పెండ్లికే వచ్చింది కొడుకా. చెల్లెకు పట్టుచీర పెట్టింది. ఆల్బమ్ రాంగనే ఆమె మొదలు చూసేది గదే. అండ్ల ఆమె లేకపోతే, నా బిడ్డ ఆ ఇంట్ల ఎట్ల బతుకుతది?"

అప్పుడర్థమైంది నాకు. మా దగ్గర ఆల్బమ్ తెరిచేది పెళ్లికూతుర్ని చూడటానికి కాదు. తామెక్కడున్నామో, తమ చేతిలో పొట్లం కనపడుతోందో లేదో చూసుకోవటానికి. ఇన్నేళ్ల నా వృత్తిలో నాకు ఇది తెలియనిది కాదు. ఇరవై వేలకు అమ్మే చోటును ఫోటోలు తుడిచి మిగుల్చుకోబోయి మరిచిపోయాను. చెల్లెలి మొహం గుర్తొచ్చింది. ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని, అహంకారం గదిలోనే వదిలేసి, కామారెడ్డి బస్సెక్కాను.

బావ నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. సంగతి చెప్పాను. ఆయన నవ్వుతాడని ఎదురుచూశాను, నవ్వలేదు.

"గంతేనా బామ్మర్ది? మొత్తం ఫోటోలు నా దగ్గరున్నయి."

"నీ దగ్గరికెట్లొచ్చినయి?"

ఆయన గోడ వైపు చూస్తూ అన్నాడు: "అత్తనే ఇచ్చింది. 'వాడు చేస్తనంటుండు, కాదంటే అలుగుతడు. ఎందుకైనా మంచిది, నీ దాంట్ల ఒకటి పెట్టుకో నాయనా' అన్నది. నీకు చెప్పొద్దన్నది."

(పెద్దమ్మను నేను ఇప్పటికీ ఏమీ అనలేదు. కాని మరిచిపోలేదు.)

బావ వెండి పళ్లెం తెరిచాడు. పై మెట్టు కంప్యూటర్ ఎలా ఉంటుందో మొదటిసారి దగ్గర నుంచి చూశాను. కాసేపటికి దాని కిందనుంచి పిండిమర ఆడినట్టు చప్పుడొచ్చింది. ముట్టుకుంటే నా చెయ్యి చురుక్కుమన్నది. బావ తన చెయ్యి నా ల్యాప్‌టాప్ మీద పెట్టి, అక్కడే ఉంచేశాడు.

"సల్లగున్నది," అన్నాడు. "నేను దీన్ని కొన్న నాలుగు నెలలకే కంపెనోడు నీది తీసిండు. కాలదు, చప్పుడు రాదు, ధర సగం. నా పాతది తీస్కొని కొత్తది ఇయ్యుమని పోతే, నవ్వి పంపిండ్రు. నువ్వు కొన్నవని దుకాణంల చెప్పిండ్రు. రెండు దినాలు అన్నం పోలేదు బామ్మర్ది."

"నన్ను జూసి కుళ్లుకున్నవా బావా?"

"మరి కాదా?"

నా జీవితంలో నన్ను చూసి అసూయపడ్డ మనిషి అప్పటిదాకా లేడు. ఆ మాట విని నాకు ఎంత తృప్తి కలిగిందంటే, తుడిచేసిన ఆరు వందల ఫోటోల సంగతి కాసేపు మరిచిపోయాను. ఆయన దాంట్లోంచి నా దాంట్లోకి పెన్ డ్రైవ్‌తో ఫోటోలు మార్చటానికి ఇద్దరికీ కలిపి పనికొచ్చే కనెక్టర్ ఒకటే. అది ఆయన దగ్గర పీకి, నా దగ్గర పెట్టి, మళ్లీ పీకి, ఇద్దరం మూడు లక్షల సామాను ముందు పెట్టుకుని ఒక్క సందు కోసం మధ్యాహ్నమంతా చేతులు మార్చుకున్నాం. మధ్యలో చాయలు, మధ్యలో కంపెనీకి తిట్లు. ఒకడు వేడి గురించి తిడితే ఇంకొకడు చిల్లు గురించి. బట్టల పేజీలు ఆరు చేశాం. దుబాయి అక్కకు పేజీ మొత్తం ఇచ్చాం, పట్టుచీర అంచు కూడా కనపడేలా.

ఆల్బమ్ వియ్యాలవారింటికి వెళ్లింది. దుబాయి అక్క తన పేజీ దగ్గర ఆగి, పక్కవాళ్లందరికీ చూపించిందట. చెల్లె ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. పెద్దమ్మ మాత్రం ఎదురైన ప్రతివాళ్లతో "మా పిలగాండ్లిద్దరు కలిసి చేసిండ్రు" అని చెప్పింది. ఇద్దరు అన్న మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. గది మాత్రం మూయలేదు.

ఇప్పుడు జుట్టు నెరుస్తోంది, ఆ కంపెనీ మీద నా ఫిర్యాదుకు ఇంకా జవాబు రాలేదు. బావా నేనూ వేర్వేరు కంప్యూటర్లు చాలా మార్చాం. మొన్న ఉదయం ఆయన ఫోన్ చేశాడు. "బామ్మర్ది, కంపెనోడు కొత్తది తీసిండు, చూసినవా? ధర జూస్తే కండ్లు తిరుగుతున్నయి. ఇప్పుడు కూడ చిల్లులు రెండేనట." ఇద్దరం అరగంట సేపు కంపెనీని హాయిగా తిట్టుకున్నాం. ఫోన్ పెట్టేశాక కూడా నవ్వు మొహం మీదే ఉంది. తరువాత ఆలోచిస్తే, లోపలెక్కడో చిన్న మంట. ఆ ధర నాకంటే ముందు ఆయన చూశాడు.