అట్ట మీది సిలువ స్పష్టంగా వచ్చింది

మీ ఇంట్లో మనిషి ముఖాన్ని మీరు చివరిసారి నింపాదిగా చూసింది ఎప్పుడు? నిజం చెప్పండి.

ఈ రోజు సిర్గాపూర్ నుంచి మా అక్క వచ్చింది. రేపు కొడుకు దగ్గరికి హైదరాబాద్ పోతుంది, ఇక అక్కడే ఉంటుంది. నా భార్య పోయాక నారాయణఖేడ్‌లో వాక్యం చెప్పే నన్ను అందరూ ‘బ్రదర్’ అనేవాళ్లే. ‘అరేయ్’ అని పిలిచేది అక్క ఒక్కతే. అందుకే ఈమధ్య కొన్న లెన్స్ బయటికి తీశాను. అన్నిటికంటే ముందు వెలుగును కలిగించిన దేవుడు గుమ్మంలోకి ఇంత వెలుతురు పంపుతుంటే ఫ్లాష్ ఎందుకు? అయితే ఆ లెన్స్‌ను పూర్తిగా తెరిస్తే ఫోకస్ పెట్టిన చోట బెత్తెడు మేరే స్పష్టంగా వస్తుంది, మిగతాదంతా మసకే.

ఫోటో అంటే మా వాళ్ల చేతిలో బైబిల్ ఉండాల్సిందే. నేనే తెచ్చిచ్చాను.

"జర ముందుకు పట్టు అక్కా, సిలువ కనపడాలె."

"అరేయ్, నా ఫోటో తీస్తున్నవా, దాని ఫోటో తీస్తున్నవా? జల్దీ కానియ్, బస్సు పోతది."

ఆమెను తిరిగి సిర్గాపూర్ బస్సెక్కించి వచ్చి ఫోటోలు పెద్దవి చేసి చూశాను. అన్నిట్లోనూ అట్ట మీది సిలువ చక్కగా ఉంది. దాని వెనక అక్క ముఖం పొగలా ఉంది. ఇంట్లో ఈ మాట చెప్పుకోవడానికి ఎవరూ లేరు, అందుకే మీకు చెబుతున్నాను.

గ్రంథం పక్కన పెట్టమని నేను చెప్పడం ఇదే మొదటిసారి. నవ్వేవాళ్లు కింద కామెంట్లలో నవ్వండి. కానీ పొద్దు ఇంకా గుంకలేదు. లేవండి. మీ వాళ్లను గుమ్మంలో కూర్చోబెట్టి, కంటి మీద ఫోకస్ పెట్టి, ఇవాళే తీయండి.