విజయవాడలో వాతావరణం బాగుంది సార్

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ సామెత కట్టినవాళ్లెవరో ఉరుముల మబ్బుల్లో విమానం నడిపి ఉండరు. నా మంచి నోరే ఒక మే నెల మధ్యాహ్నం విమానం నిండా ఉన్న జనాన్ని చావు దాకా తీసుకెళ్లింది.

నేను కో-పైలట్‌ని. అప్పటికి ఉద్యోగంలో చేరి రెండేళ్లు. మియాపూర్ డిపోలో బస్సు డ్రైవరుగా చేసే నాన్న చిన్నప్పటి నుంచి నాకు ఒకటే నూరిపోశాడు: పెద్దవాళ్లకు ఎదురు చెప్పొద్దు, చెప్పక తప్పకపోతే మెల్లగా చెప్పు. ఆ రోజు నా పక్కనున్న కెప్టెన్‌ది కాకినాడ వైపు. రిటైర్మెంట్ దగ్గర పడిన మనిషి. నన్ను "అమ్మా" అని తప్ప పిలిచేవారు కాదు. కసిరే మనిషైనా బాగుండేది, తిరిగి ఒక మాట అనేసేదాన్ని.

ముంబయి నుంచి హైదరాబాద్ వస్తున్నాం. బయల్దేరే ముందే ఇద్దరం లెక్క వేసుకున్నాం. హైదరాబాద్‌లో దిగడం కుదరకపోతే విజయవాడ వెళ్లాలి. అందుకు ట్యాంకుల్లో ఎంత ఇంధనం మిగలాలో కాగితం మీద రాసి, ఆ అంకె కింద గీత గీశాను. "ఇక్కడికి రాగానే నాకు చెప్పమ్మా, ఇంక ఎదురుచూడొద్దు," అన్నారాయన.

నగరం దగ్గరికి వచ్చేసరికి ఆకాశం నల్లగా మూసుకుపోయింది. కంట్రోల్ టవర్ వాళ్లు గాల్లోనే చక్కర్లు కొడుతూ ఉండమన్నారు. విమానం నడపడం ఆయన పని. రేడియో, ఇంధనం లెక్క, విజయవాడ సమాచారం అన్నీ నా నెత్తిన. రేడియోలో చేపల మార్కెట్టే! నేను మీట నొక్కేసరికి ఇంకెవరో నొక్కేవారు, ఇద్దరి మాటలూ కలిసి కీచుమనేవి. మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. మధ్యలో వెనక నుంచి ఎయిర్‌హోస్టెస్ ఫోను. జనం వాంతులు చేసుకుంటున్నారు, పిల్లలు ఏడుస్తున్నారు, ఇంకెంతసేపని అడుగుతోంది. నాకు మాత్రం ఏం తెలుసు?

మబ్బుల సందులోంచి ఒక్కసారి నానక్‌రామ్‌గూడ అద్దాల మేడలు కనిపించాయి. మళ్లీ మూసుకుపోయాయి. కాగితం వైపు, మీటర్ వైపు చూశాను. ఇంధనం సరిగ్గా గీత గీసిన అంకె దగ్గరికి వచ్చేసింది. 

"విజయవాడలో వాతావరణం బాగుంది సార్," అన్నాను.

ఎంత మర్యాదగా అన్నాను! ఇంటికొచ్చిన చుట్టాన్ని మంచినీళ్లు తాగుతారా అని అడిగినట్టు. ఆయన చేతులు కుదుపులతో పోరాడుతున్నాయి, కళ్లు రాడార్‌లో ఉరుముల మబ్బులు చూపే ఎర్రమచ్చల మీదే ఉన్నాయి. "మంచిదమ్మా," అన్నారు. నా మాటలోని అసలు సంగతి అర్థమైందనుకున్నాను. ఇంకో చక్కరు తిరిగాం. అంత అనుభవం ఉన్న మనిషి, ఏదో ఆలోచించే ఉంటారులే అనుకున్నాను. ఇంకో చక్కరు. నా బుద్ధి అప్పుడు ఏ గడ్డి తిందో!

మళ్లీ చూసేసరికి ఇంధనం ఆ అంకె కంటే బాగా కిందికి పోయింది. ఇక విజయవాడ చేరలేం.

"సార్, అయిపోయింది సార్! ఇగ యాడికీ పోలేం, ఈడనే దిగాలె!" అని అరిచాను. నాకు తెలియకుండానే మా ఇంటి భాష వచ్చేసింది.

ఆయన మీటర్ చూశారు. "మేడే చెప్పు," అన్నారు. ప్రాణాపాయంలో ఉన్నవాళ్లు మాత్రమే పలికే ఆ మాటను మూడుసార్లు చెప్పాను. రేడియో నిశ్శబ్దమైపోయింది. అందరినీ పక్కకు తప్పించి మాకు దారి ఇచ్చారు. వానలోకి దిగాం. రన్‌వే కనిపించకపోతే పైకి లేచి మళ్లీ ప్రయత్నించే ఇంధనం లేదు. అద్దం మీద నీళ్లు తప్ప ఏమీ లేదు. చచ్చిపోతున్నాం, నా వల్లే చచ్చిపోతున్నాం అనుకున్నాను. చివరి క్షణాల్లో దీపాలు కనిపించాయి. ఎలా దిగామో ఆయనకే తెలియాలి.

ఆ సాయంత్రం ఇంట్లో అంతా చెప్పి ఏడ్చాను. నాన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"మా బస్సుల నిన్నగాక మొన్నొచ్చిన కండక్టర్ హోల్డాన్ అన్నా బ్రేక్ తొక్కుత బిడ్డా. ఎందుకని తొక్కినంకనే అడుగుత. గట్ల అరవాలని నీకెవ్వరు చెప్పలేదా?"

నువ్వే చెప్పలేదు నాన్నా అని అరవాలనిపించింది. అదీ అరవలేకపోయాను.

వారం తర్వాత హైటెక్ సిటీలోని ఒక ఆఫీసులో విచారణ. ఏసీ గదిలో కాక్‌పిట్ రికార్డింగ్ వినిపించారు. నా గొంతు ఎంత తియ్యగా ఉందో! విజయవాడ ముక్క దగ్గర ఆపి, ఇది హెచ్చరికేనా అని అధికారి కెప్టెన్‌ని అడిగాడు. ఆయన నా వైపు తిరిగారు.

"ఇంధనం గీత దాకా వచ్చిందని అప్పటికే నీకు తెలుసామ్మా?"

"తెలుసు సార్."

"నేనంటే భయమా?"

"లేదు సార్. గౌరవం."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.  

"అందరం పోయాక ఆ గౌరవం నేనేం చేసుకునేవాణ్ణి తల్లీ?" అన్నారు.