నడుముకు కట్టిన తువ్వాల

ఆదిలాబాద్ పత్తి మార్కెట్లో స్ప్రింగు కాటాకు మూట తగిలించగానే కిర్రుమని చప్పుడొస్తుంది. ముల్లు వణికి, ఊగి, నెమ్మదిగా నిలబడుతుంది. అప్పుడు నా కుడి మోకాలు దానంతటదే బిగుసుకుంటుంది. ఎగిరే దూదిపింజల్లోంచి ఖాసిం సాబ్ వచ్చి నా పక్కన నిలబడినట్టుంటుంది.

ఆయన నిజాం ఫౌజు దవాఖానలో దెబ్బతిన్న సిపాయిలకు కసరత్తు నేర్పినవాడు. ఆ ఫౌజు పోయాక మెట్‌పల్లిలో విరిగిన కాళ్లూ చేతులూ చూసుకుంటూ బతికాడు. సరిహద్దులో కుడి తొడకు తూటా తగిలి సెలవు మీద మా గడీకి వచ్చిన నేను ఆయనకు కబురు పంపాను. అప్పటికే మా దొరతనం పోయింది, భూములు పోయాయి, సగం గదులకు కప్పు లేదు. తలెత్తుకోవడానికి నాకు మిగిలింది ఫౌజు బట్టలే. డాక్టర్ల బోర్డు కాలు పనికిరాదంటే అవీ పోతాయి.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చీలమండకు తోలుపట్టీ చుట్టి, దాన్ని వెనక కిటికీ ఊచకు కట్టిన స్ప్రింగు కాటాకు తగిలించాడు. ముందు మంచి కాలు, తర్వాత దెబ్బతిన్న కాలు చాచమన్నాడు. ముల్లు రెండుసార్లూ దాదాపు ఒకేచోట ఆగింది. నా చెయ్యి మీసం మీదికి పోయింది.

"మీసం తర్వాత దువ్వుకుందురు, చిన్నదొరా. జర ఆగుండ్రి," అంటూ భుజమ్మీది తువ్వాల తీసి నా నడుమును కుర్చీకి కట్టబోయాడు.

నా ఒళ్లు మండింది. "గీ గడీల కట్టేసేది మేము. మమ్ముల ఎవ్వడూ కట్టెయ్యలే."

"ఎరుకే. మా అబ్బాను, మా నాయినను, గా వాకిట్ల కంబానికే కట్టేసిండ్రు," అన్నాడు, వానాకాలం సంగతి చెబుతున్నట్టు. "అది కోపంతోని కట్టిన కట్టు. గిది కొలిచేటందుకు. ఊపిరి ఆడుతుందా, చెప్పుండ్రి."

ముడి బిగిసింది. ఆడుతుందన్నట్టు తలూపాను. దెబ్బతిన్న కాలు మళ్లీ చాచాను. ముల్లు ఇందాకటిలో సగం దాకా కూడా పోలేదు.

"ఇందాక గుంజింది మీ నడుము. కాలు ఇంకా నిద్రలనే ఉన్నది. గిట్లనే పోతే కొండమీద మీరు పడ్తరు, మీ ఎనకొచ్చే సిపాయి పడ్తడు. సెలవు పెంచమని అడుగుండ్రి."

ఎవరినీ ఏదీ అడగని వంశం మాది. అడిగాను. ఆ వానాకాలమంతా కలలాగా గడిచింది. ప్రతి శుక్రవారం నమాజు కాగానే ఆయన వచ్చి, తువ్వాల కట్టి, కాటా చూసి, ముల్లు చెప్పినంతే నేను కాలికి కట్టుకుని ఎత్తే ఇసుకసంచి బరువు పెంచేవాడు. బయట గోడలు తడిసి మెత్తబడుతుంటే లోపల నా తొడ గట్టిపడుతూ వచ్చింది. చివరికి కట్టు ఉండగానే రెండు కాళ్లూ సమానంగా గుంజాయి. బోర్డు కూడా ఒప్పుకుంది.

పెద్దపల్లి స్టేషన్లో రైలెక్కుతూ, మొదటిసారి ఆయన్ను సాబ్ అని పిలుస్తూ, "పోయొస్త, సాబ్," అన్నాను.

ఆయన నవ్వాడు. "గిది గూడ నడుముతోనేనా, చిన్నదొరా?"

"కాదు, సాబ్."

ఇప్పటికీ ఎవరైనా మా వంశం పేరెత్తితే నా వెన్ను నిటారుగా లేస్తుంది. వెంటనే నా చెయ్యి నడుము దగ్గరికి పోయి, అక్కడ లేని ముడిని తడుముతుంది.